ఎంగిలిపూలు

2020 సెప్టెంబరు 17, భాద్రపద అమావాస్య. పొద్దున అయిదున్నరకు అమ్మ నన్ను లేపింది. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఫ్లాట్ ఖాళీ చేసి జైనూర్ చేరి అప్పటికి ఆరు నెలలు కావస్తోంది. రాత్రి పన్నెండు దాకా అమెరికా క్లయింటుతో కాల్స్. కళ్ళు నులుముకుంటూ పెరట్లోకి వెళ్తే అమ్మ ఏమీ మాట్లాడకుండా టార్చిలైటు మొక్కల మీద వేసింది.

మందార చెట్టుకు నా నడుం ఎత్తు వరకు ఆకులేదు. గులాబీలు ముళ్ళతో సహా మొండాలు. దడి మీదికి పాకించిన గుమ్మడి తీగ నేల మీద పడి ఉంది, దానికి ఒక్క పువ్వు లేదు. బంతి కొంత మిగిలింది, కానీ చాలా మొక్కలకు మొగ్గలు పోయి ఉత్త కాడలు నిలబడి ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. మిగతా పూలు ఎక్కడన్నా దొరుకుతాయి, గునుగూ తంగేడూ ఎట్లాగూ బయటివే. కానీ బతుకమ్మ మీద గౌరమ్మను పెట్టాలంటే గుమ్మడిపువ్వు కావాలి. పువ్వు నడుమ ఉండే పచ్చటి బొడిపెనే మా అమ్మ గౌరమ్మ అంటుంది. జూన్‌లో గింజ పెట్టింది అందుకోసమే. కాయ కాస్తే మంచిదే, కాయకపోయినా ఆమెకు పట్టింపు లేదు.

అమ్మ కాసేపు నిలబడింది. తర్వాత వంగి, సగం కొరికి వదిలేసిన ఒక బంతిపువ్వు తెంపి చూసింది.

"ఏటా ఎంగిలిపూలంటం గని, ఎంగిలెవరిదో తెల్వకుండె," అంది. "ఈసారి తెలిసింది."

ఎంగిలిపూలని ఎందుకంటారో రకరకాలుగా చెప్తారు. ముందురోజే తెంపిన పూలు కాబట్టి అని ఒకరు, తేనెటీగ ముట్టిన పూలు కాబట్టి అని ఒకరు. మా ఇంట్లో ఆ రోజు నుంచి మూడో వివరణ స్థిరపడింది.

మొదట అనుమానం మేకల మీదికి పోయింది. న్యూజెర్సీలో ఉండే మా అక్కకు ఫొటోలు పంపితే ఆమె వెంటనే ఫోన్ చేసింది. "చీల్చినట్టు తెగిందా, కత్తిరించినట్టు తెగిందా? జింకకు పైన ముందుపళ్ళు ఉండవు, అందుకే పట్టి గుంజుతది. నున్నగా తెగితే కుందేలు." అమ్మ పక్క నుంచి విని, "మేకకు గూడ పైపండ్లుండయి. అమెరికల మేకల్లేవా?" అంది. అక్క దగ్గర దానికి జవాబు లేదు. చివరికి తేల్చింది దడి అవతల తడిమట్టిలో ఉన్న గిట్టల అచ్చులు. పక్కింటి రైతన్న వచ్చి చూసి, దుప్పులు, నాలుగో అయిదో ఉంటాయన్నాడు.

ఇక్కడ ఒక చిన్న పేచీ. మన రచయితలు, ముఖ్యంగా అనువాదకులు, కనపడ్డ ప్రతిదాన్నీ జింక అని రాస్తారు. చుక్కలుండి, ఏటా కొమ్ములు రాల్చి మళ్ళీ మొలిపించుకునేది దుప్పి. కృష్ణజింక వేరే జాతి, దాని కొమ్ములు రాలవు. అదసలు డీర్ కాదు, యాంటిలోప్. కణుజు వేరు, మనుబోతు వేరు. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది, ఈ విషయంలో ఆమె ఎప్పుడూ తప్పు పోలేదు. నేను పుట్టి పెరిగింది అడవి పక్కనే అయినా దుప్పిని మొదటిసారి దగ్గర్నుంచి చూసింది కరీంనగర్ డీర్ పార్కులో, జాలీ అవతల. మేనమామ తీసుకుపోయాడు. పల్లీలు వేయొద్దని బోర్డు ఉండేది, అందరూ పల్లీలే వేసేవాళ్ళు.

నాన్న ఆశ్రమ పాఠశాలలో మాస్టారుగా కరీంనగర్ వైపు నుంచి జైనూర్ వచ్చాడు. వచ్చినవాడు వెనక్కి పోలేదు. ఆయన పోయాక కూడా అమ్మ పోలేదు. ముప్పయ్యేళ్ళుగా ఉంటున్నది అద్దె ఇల్లే. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనకూడదు. ఇల్లు ఒక గోండు పెద్దాయనది, ఆయన్ని అందరూ పటేల్ అంటారు. అంటే మా అమ్మ తనది కాని నేలలో, తనది ఎప్పటికీ కాలేని నేలలో ముప్పయ్యేళ్ళుగా పూలమొక్కలు పెడుతోంది. చిన్నప్పుడు దీని గురించి నేనేమీ ఆలోచించలేదు. ఆ సెప్టెంబరులో మాత్రం "మన తోట", "మన పూలు" అని నేను అంటున్న ప్రతిసారీ ఎక్కడో చిన్నగా గుచ్చుకునేది.

ఆ యేడు అధిక ఆశ్వయుజం. మామూలుగా ఎంగిలిపూల తర్వాత తొమ్మిదో రోజున సద్దుల బతుకమ్మ. అధికమాసం నడుమ దూరడంతో అది అక్టోబరు 24కు పోయింది. మొక్కలు కోలుకోవడానికి నెల రోజులు దొరికింది అని నేనన్నాను. "దుప్పులకు గూడ నెల దొరికింది," అంది అమ్మ.

అక్క మాకు రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళ జాబితా పంపింది. న్యూజెర్సీలో తెల్లతోక జింకలు ఎంత ఎక్కువంటే, ఏ మొక్కను అవి ఎంత తింటాయో యూనివర్సిటీయే పట్టిక వేసింది. నాలుగు తరగతులు: అరుదుగా పాడయ్యేవి, తీవ్రంగా పాడవడం తక్కువైనవి, అప్పుడప్పుడు తీవ్రంగా పాడయ్యేవి, తరచుగా తీవ్రంగా పాడయ్యేవి. అచ్చం మా ఆఫీసులో బగ్స్‌కు వేసే సివియారిటీ లెవెల్స్. దాన్ని ముందు పెట్టుకుని ఒక ఆదివారం మా పెరడంతటికీ ఎక్సెల్ షీటు తయారు చేశాను. గులాబీ, మందార: పీ1. గుమ్మడి: పీ1. బంతి: పీ3. గన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనం, తులసి: ముట్టవు. గన్నేరు విషం, బిళ్ళగన్నేరు చేదు, నందివర్ధనం తెంపితే పాలు కారతాయి, తులసికి ఘాటు. "దుప్పులు ఎక్కువున్న ఊళ్ళె గన్నేర్లు పెట్టుకొని బతకాలె," అని నా సిఫారసు.

అమ్మ షీటు మొత్తం ఓపిగ్గా విన్నది. "గన్నేరుతోటి బతుకమ్మ పేరుస్తరారా ఎవలన్న?"

పీ3 బంతిని కూడా అవి తినడం ఆపలేదు. ఆ ఘాటు వాటికి నచ్చదని చాలామంది చెప్పారు. నచ్చనట్టే ఉంది, చివర్న తినేవి. మొదట గులాబీ చిగుళ్ళు, తర్వాత మందార, ఇంకేమీ లేకపోతే బంతి మొగ్గలు. ఆకలి ముందు జాబితా నిలబడదని అక్క కూడా ఒప్పుకుంది. ఆమె పెరట్లో ట్యులిప్‌లు ఏనాడూ పూర్తిగా విచ్చుకోలేదట. డాఫడిల్స్ మాత్రం విషం కాబట్టి బతికిపోతాయి. ఆమెకు పూల కంటే ఎక్కువ భయం జింకల మీద ఉండే పిడుదులు. వాటి వల్ల లైమ్ జబ్బు వస్తుందని పిల్లల్ని గడ్డిలో ఆడనివ్వదు. అక్కడ తోడేళ్ళూ కూగర్లూ ఎప్పుడో పోయాయి, వేటగాళ్ళూ కార్లూ తప్ప జింకకు పెద్ద శత్రువు లేదు.

మాకు కథ తలకిందులు. మాకు దక్షిణాన ఉన్న కవ్వాల 2012లో టైగర్ రిజర్వ్ అయింది. అక్కడ అటవీశాఖ ప్రత్యేకంగా గడ్డి పెంచుతుంది, దుప్పుల కోసం. దుప్పులుంటేనే మహారాష్ట్ర వైపు నుంచి, తాడోబా నుంచి వచ్చే పులి ఇక్కడ ఆగుతుందని. అంటే ఒక చోట సర్కారు వాటికి మేత వేస్తోంది, ఇంకో చోట మా అమ్మ తిడుతోంది. రెండూ న్యాయమే అనిపించేది నాకు.

నేను అప్పుడప్పుడు పుస్తకాల మీద రాస్తుంటాను కాబట్టి ఈ గొడవలో కాళిదాసు గుర్తురాక తప్పలేదు. కణ్వాశ్రమంలో శకుంతల ప్రేమగా పెంచుకున్న మల్లెతీగ వనజ్యోత్స్న ఉంది. ఆమె పెంచుకున్న లేడిపిల్లా ఉంది. రెండూ ఒకే ఆవరణలో. తడి పెట్టకుండా తాను నీళ్ళు తాగని, అలంకారం ఇష్టమైనా చిగురు తెంపని అమ్మాయి ఆమె. మరి ఆ లేడి వనజ్యోత్స్నను ఎందుకు తినలేదు? బీటెక్‌లో శాకుంతలం చదివినప్పుడు ఈ ప్రశ్న రాలేదు. ఇప్పుడు మళ్ళీ తీసి చూస్తే జవాబు అందులోనే ఉంది. ఆమె దానికి శ్యామాక ధాన్యం, అంటే చామలు, పిడికిళ్ళతో తినిపించి పెంచింది. కడుపు నిండిన లేడి అది. ఇంకొకటి, నాటకం మొదలయ్యేదే ఆ ఆశ్రమ మృగాన్ని చంపొద్దని రాజును ఆపడంతో. మా పెరట్లో చామలూ లేవు, ఆపేవాళ్ళూ లేరు. ఇక కరుణశ్రీ 'పుష్పవిలాపం'లో పూలు ఏడ్చేది మనిషి తెంపుతున్నాడని. జింక మీద అవి ఫిర్యాదు చేసినట్టు లేదు. ఇది అమ్మతో అంటే, "నువ్వు ఎవల దిక్కు?" అని అడిగింది.

నా వంతు ప్రయత్నం నేనూ చేశాను. పాత ప్రాజెక్టుది ఒక ఈఎస్‌పీ32 బోర్డు, కదలిక పసిగట్టే సెన్సర్ ఒకటి, బ్లూటూత్ స్పీకర్ ఒకటి. మక్క, పత్తి చేలల్లో రైతులు మైకులో అరుపులు రికార్డు చేసి పెడతారు కదా, అదే సూత్రం. అమ్మను నిలబెట్టి అరవమన్నాను. మొదట సిగ్గుపడింది. "దుప్పి ముందలున్నట్టు అనుకో" అన్నాను. అప్పుడు వచ్చింది: "హోయ్… హోయ్… మీ నోట్ల మన్నువడ! పొండి! సిగ్గులేదా!" ఆరు సెకన్ల ఆడియో. మొదటి రాత్రి రెండింటికి అది మోగితే దుప్పుల కంటే ముందు నేను లేచి కూర్చున్నాను. దుప్పులు నిజంగానే పారిపోయాయి. అయిదు రాత్రులు ప్రశాంతం. ఆరో రాత్రి కిటికీలోంచి చూశాను. స్పీకర్‌లో అమ్మ తిడుతూనే ఉంది, ఒక ఆడదుప్పి చెవులు మాత్రం అటు తిప్పి మందార తింటోంది. మా పిల్లి కూడా అమ్మను అట్లాగే వింటుంది.

బోర్డు పని చేయదని తేలాక అమ్మ తానే బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది. అర్ధరాత్రి, ఒంటిగా, టార్చి పట్టుకుని. నేను కాల్స్‌లో ఉంటాను, తలుపు చప్పుడు వినపడదు. దుప్పి వచ్చిన తోవలో ఇంకేం వస్తుందో తెలియదని ఎన్నిసార్లు చెప్పినా, "అది నన్నేం తింటది, ముసల్దాన్ని" అనేది.

అప్పుడే పక్కింటి రైతన్న వైరు చుట్ట తెచ్చాడు.

ఆయన చెడ్డవాడు కాదు. కందిచేను, పెసరచేను పందులూ దుప్పులూ కలిసి ఎంత నష్టం చేశాయో ఆయనకే తెలుసు. మొక్కల చుట్టూ మోకాలెత్తున తీగ కట్టి, రాత్రి మీటరు దగ్గర నుంచి లైను ఇస్తే ఒక్కటి పడితే చాలు, మిగతావి ఈ దిక్కు రావన్నాడు. చుట్ట మా అరుగు మీద పెట్టి వెళ్ళాడు.

నేను వద్దనలేదు. ఈ వ్యాసం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది ఆ ఒక్క మాట వల్లే. "చూద్దాం అన్నా" అన్నాను. ఆయన వెళ్ళాక నా బుర్ర ఇంజనీరింగ్ బుర్రలాగే పని చేసింది. సోలార్ కంచె వేరు, అది తెలుసు. అందులో ఎనర్జైజరు సెకనుకోసారి, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని దెబ్బ వేస్తుంది. ముట్టినదాన్ని బెదిరించి వదిలేస్తుంది. ఇంటి లైను అట్లా కాదు. 230 వోల్టులు ఆగకుండా పారుతుంటే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదిలే వీలుండదు. ఇదంతా తెలిసీ నేను ఆలోచించింది ఏమిటి? ఎంసీబీ ఏ రేటింగ్‌ది పెట్టాలి, టైమరు పెడితే ఎన్ని గంటలకు ఆన్ చేయాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద దుప్పిని చంపితే జైలు. అది కూడా గుర్తొచ్చింది, కానీ ఎంసీబీ తర్వాత.

అన్నిటికంటే ఆలస్యంగా గుర్తొచ్చింది ఎనిమిదో తరగతిలో నా పక్కన కూచున్న పిల్లవాడు. వాళ్ళ నాయన తెల్లారుజామున బయటికి పోయి ఎవరో పందికి పెట్టిన తీగ తొక్కాడు. వారం తర్వాత వాడు బడికి వచ్చినప్పుడు గుండు చేయించుకుని ఉన్నాడు. మేమెవరం ఏమీ అడగలేదు. సైన్సు పీరియడ్‌లో విద్యుద్వాహకాల పాఠం వచ్చిన రోజు సారు ఆ పేజీ తిప్పేసి ముందుకు పోయాడు. అర్ధరాత్రి టార్చి పట్టుకుని ఆ మొక్కల నడుమ తిరిగేది మా అమ్మ అని నాకు అప్పుడు గాని తట్టలేదు.

చుట్ట రెండు రోజులు అరుగు మీదే ఉంది. అమ్మ దాని గురించి ఒక్క మాట అనలేదు, నేనూ ఎత్తలేదు. రెండో సాయంత్రం పటేల్ వచ్చాడు. అద్దె కోసం కాదు, అమ్మ చేసే మామిడికాయ తొక్కు కోసం అప్పుడప్పుడు వస్తుంటాడు. వైరు చూశాడు, మొండి మందారను చూశాడు. సంగతి అర్థమైంది.

"దుప్పి పువ్వులు తినకుంటే ఏం తింటదక్కా?" అన్నాడు అమ్మతో. "ఇప్పపువ్వుకు మేం చీకట్ల పోతం గద, మాకంటె ముందుగాల అదే ఉంటది. చెట్టు మీద కొండెంగ కొమ్మ ఊపుతది, ఇది కింద ఏరుకుంటది. మోదుగుపువ్వు గూడ తింటది."

"కింద పడ్డయి తింటె నాకేంది పటేలా," అంది అమ్మ. "ఇది చెట్టు మీదియి తింటుంది."

ఆయన నవ్వాడు. "నువ్వు గూడ చెట్టు మీదియే తెంపుతవు."

ఇంకేమన్నా అంటాడేమోనని చూశాను. ఈ నేలలో కంచెల సంగతి ఆయన తాతల నుంచి తెలుసు. నైజాం కాలంలో రిజర్వు ఫారెస్టు అని గీత గీసి, గీత లోపలున్న గోండు గూడేలను లేపేశారు. దాని మీద కొట్లాడే కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతే హైమండార్ఫ్ వచ్చి మా జైనూర్ పక్కనే మార్లవాయిలో ఉన్నాడు. పటేల్ ఇవేవీ చెప్పలేదు. తొక్కు డబ్బా పట్టుకుని, వైరు వైపు గడ్డం ఎత్తి, "అది నా ఇంటి మీటరుకు తలిగియ్యద్దు" అని మాత్రం అని వెళ్ళాడు.

మూడో రోజు నేను లేచేసరికి చుట్ట లేదు. రైతన్న తీసుకుపోయాడేమో అనుకున్నాను. పెరట్లో చూస్తే తీగ ఉంది. నాలుగు మూలలా నాలుగు వాసాలు పాతించి, అమ్మ ఆ తీగను తలెత్తు కంటే పైన లాగి కట్టింది. దాని మీద పాత చీరలు వరసగా వేలాడుతున్నాయి. పందుల కోసం చేల చుట్టూ చీరలు కట్టడం మా దగ్గర మామూలే. కానీ ఇవి మా ఇంటి చీరలు. అక్క సీమంతానిది ఒకటి. నాన్న మొదటి పీఆర్సీ వచ్చినప్పుడు కొన్న గద్వాల ఒకటి, అంచు పోయింది. నన్ను అమెరికా పంపడానికి శంషాబాద్ వచ్చినప్పుడు కట్టుకున్నది ఒకటి. గాలికి అన్నీ ఒకేసారి ఉబ్బుతున్నాయి.

రైతన్న వచ్చి చూసి కాసేపు నిలబడ్డాడు. "మంచి వైరు ఖరాబు చేసినవక్కా," అన్నాడు. అమ్మ ఆయనకు చాయ్ ఇచ్చింది.

పని చేసిందా అంటే, కొంత. దుప్పి ఎత్తుకు ఎగరగలదు, కానీ అవతల ఏముందో కనపడకపోతే దూకడానికి వెనకాడుతుందని అక్క చెప్పింది. చీరలు ఆ పని చేశాయి. ఒకటి రెండు రాత్రులు గాలికి అంచు లేచినచోట నుంచి తల దూర్చి అందినంత తిన్నాయి. గులాబీలు ఆ యేడు ఇక పూయలేదు. గుమ్మడి తీగ మాత్రం మొదలు దగ్గర మళ్ళీ చిగురేసి, సద్దులకు రెండు రోజుల ముందు మూడు పువ్వులు పూసింది. రెండు మగపువ్వులు, ఒకటి ఆడపువ్వు. అమ్మ ఆ ఆడపువ్వుకు రాత్రి బుట్ట బోర్లించి, బుట్ట మీద రాయి పెట్టి పడుకుంది.

అక్టోబరు 24న గునుగు కోసం నేనూ పటేల్ మనవరాలూ పత్తిచేల గట్ల మీద తిరిగాం. తంగేడు దండిగా దొరికింది, దాన్ని మేకలు కూడా ముట్టవు. కరోనా వల్ల వాడకట్టు మొత్తం ఒక్కచోట చేరలేదు. నాలుగిళ్ళ వాళ్ళు మా ముందరే ఆడారు, మాస్కులు గడ్డాల కిందికి జారిపోయాయి. బతుకమ్మ ఎప్పటికంటే చిన్నది. కింద తంగేడు, పైన గునుగు, ఆ పైన ఒక్క వరస బంతి. దగ్గర్నుంచి చూస్తే ఆ బంతిలో కొన్నిటికి రేకలు ఒక పక్కనే ఉన్నాయి.

ఆ నవంబరులో మా జిల్లాలోనే, కాగజ్‌నగర్ అవతలి అడవుల్లో, పులి ఇద్దరిని చంపింది. అప్పటి నుంచి అమ్మ రాత్రి తలుపు తీయడం మానేసింది. పొద్దున లేచాక ఏం మిగిలాయో లెక్క చూసుకుంటుంది, తిట్టేవి అప్పుడు తిడుతుంది.

నేను 2022లో హైదరాబాద్ తిరిగి వచ్చేశాను. అమ్మను రమ్మంటే రాదు, మొక్కలకు నీళ్ళెవరు పోస్తారంటుంది. ఆ మొక్కల్లో సగం దుప్పులవేనని నేనంటే, సగం నావి గద అంటుంది. ఇప్పుడామె దడి అవతలి వైపు, తోవ పక్కన, ఇంకో గుమ్మడి పాదు పెడుతోంది. ఎందుకని అడిగితే గింజలు ఎక్కువయ్యాయంది.

ఆ ఆరు సెకన్ల ఆడియో అక్క అడిగితే పంపాను. బావ దాన్ని వాళ్ళ పెరటి డెక్ మీద స్పీకర్‌కు తగిలించాడట. పక్కింటి ఆవిడ, అది ఏ భాష, పాటా ప్రార్థనా అని అడిగిందట. ప్రార్థన అని చెప్పిందట అక్క.

అక్కడ మూడు రోజులు పని చేసిందంట.